బొమ్మకు చార్జింగ్... కుక్కకు బెంగ!

గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ సారు ఫ్లాటుకు తాళం వేస్తూ తన కుక్క టామీకి కొత్త తోడును అప్పజెప్పారు: తనంతట తానే దొర్లే బంతి, బిస్కెట్లు విసిరే కెమెరా. మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో ‘టామీ, గుడ్ బాయ్’ అని ఫోన్లోంచి పిలిస్తే, గోడలోంచి సారు గొంతు విని అది సోఫా కింద దూరింది. ఈలోగా బంతికి చార్జింగ్ అయిపోయింది. మిగిలినవి సారు చెప్పులే. వాటికి యాప్ అక్కర్లేదు, పైగా యజమాని వాసన ఉచితం!

పక్క ఫ్లాటు పిల్లికి లేజర్ చుక్క. ఎంత ఉరికినా పంజాకు చిక్కదు. ఇంక్రిమెంటు వెంట పరిగెత్తే యజమానికి ఆ బాధ తెలియనిదా?

1970ల్లో అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన తన కుక్క వ్యాన్ రబ్బరు భాగాన్ని ఇష్టంగా కొరకడం చూసి ‘కాంగ్’ బొమ్మ తయారుచేశారు. దానికి బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. ఆయన చూసింది కుక్కను. మనం చూసేది ఆఫర్లను.

కొనేవారికి రెండు ముక్కలు: బొమ్మ గొంతులో ఇరుక్కునేంత చిన్నది కాకూడదు, బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి. ఇక సాయంత్రం అరగంట వాకింగ్‌కు తీసుకెళ్లే బొమ్మ మాత్రం ఏ ఆన్‌లైన్ షాపులోనూ దొరకదు. దాని పేరు యజమాని!