రౌడీని చూడ్డానికి చికాగోనా?

చికాగో చూడాలంటావు, మంచిదే. ఎందుకురా అబ్బాయ్ అంటే ఆల్ కపోన్ అనే రౌడీ తిరిగిన ఊరంటావు! మా రోజుల్లో ఆ ఊరి పేరు రెండు చోట్ల వినేవాళ్లం. ఒకటి వివేకానందుడి పుస్తకంలో, రెండోది మేడే ఊరేగింపులో. 1893లో సర్వమత సభ జరిగిన ఊరది, 1886లో ఎనిమిది గంటల పని కోసం కార్మికులు రోడ్డెక్కిన ఊరది. మా ఊళ్లో ఎర్రజెండా పట్టుకు నడిచిన రిక్షావాళ్లకి అమెరికా ఏ దిక్కునుందో తెలీదు గానీ చికాగో తెలుసు.

అప్పుడు రౌడీలు లేరని నేననను. ఉన్నారు. కానీ వాళ్ల పేరెత్తాల్సొస్తే పెద్దవాళ్లు గొంతు తగ్గించేవాళ్లు. రాజనాల తెర మీదికొచ్చాడంటే నేల టిక్కెట్టు జనం తిట్లు లంకించుకునేవాళ్లు, ఆడవాళ్లు మెటికలు విరిచేవాళ్లు. మా మేనత్త గోడ మీద ఆయన పోస్టరు కనబడినా మొహం తిప్పుకుని పోయేది. పాపం, ఆయన చేసింది నటనే. అయినా చెడ్డవాణ్ణి చూసి అసహ్యించుకోవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇప్పుడో, తుపాకీ పట్టినవాడే హీరో, వాడి నడకకే ఈలలు. నీ చికాగో సరదా ఆ ఈలల్లోంచే పుట్టింది.

చరిత్ర కదా తాతయ్యా అంటావు. సరే, విను. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం. నిషేధం పెడితే దొంగసరుకు ఎలా నడుస్తుందో 1995 తర్వాత మన రాష్ట్రంలోనూ చూశాం. కపోన్ ముఠా ఆ సరుకు మీదే బలిసింది. 1929 ఫిబ్రవరి 14న నార్త్ క్లార్క్ వీధిలోని ఒక గ్యారేజీలో ప్రత్యర్థి ముఠావాళ్లున్న చోటికి పోలీసు దుస్తులేసుకుని మరీ వచ్చి, ఏడుగుర్ని గోడకి నిలబెట్టి కాల్చేశారు. ఆ ఏడుగురిలో జాన్ మే అని ఒక మెకానిక్కు. లారీలు బాగుచేసుకునేవాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. లారీకి కట్టేసి ఉన్న అతని కుక్క మాత్రం బతికి, అరిచి అరిచి గోలపెట్టింది. ఆ ఏడు హత్యలకీ ఒక్కడికీ శిక్ష పడలేదు. కపోన్‌ని 1931లో పట్టిచ్చింది తుపాకులు కావు, లెక్కల పుస్తకాలు. ఆదాయప్పన్ను ఎగ్గొట్టినందుకు పదకొండేళ్లు వేశారు. సినిమాల్లో ఆ లెక్కలు తేల్చిన గుమాస్తాల చేత ఎవడైనా స్లోమోషన్‌లో నడిపిస్తాడా?

1967లో ఆ గ్యారేజీని పడగొట్టారు. కపోన్ మకాం పెట్టిన లెక్సింగ్టన్ హోటల్నీ 1995లో నేలమట్టం చేశారు. చాలామంది అయ్యో చరిత్ర పోయిందన్నారు గానీ, నేను మటుకు ఆ ఊరికి ఇంకా సిగ్గు మిగిలుందని సంతోషించాను. ఇంట్లో తప్పుచేసినవాడి సంగతి వీధిలో చెప్పుకోకపోవడంలాంటిదది. ఆ సిగ్గూ ఎక్కువ కాలం నిలవలేదులే. గ్యారేజీ గోడ ఇటికల్ని కెనడావాడొకడు కొనుక్కుపోయి, తన నైట్‌క్లబ్బులో మగవాళ్ల మూత్రశాలలో గోడగా పేర్చాడు! మనుషులు కూలిన గోడ అది. ఇప్పుడా ఇటికలు లాస్ వేగాస్ మ్యూజియంలో ఉన్నాయి, టిక్కెట్టు కొని చూడాలి. చికాగోలో టూరు బస్సులు ఆ కాలం హత్యల చోట్లన్నీ తిప్పి చూపిస్తున్నాయి. పూర్వం బస్సెక్కితే శ్రీశైలానికో, అన్నవరానికో వెళ్లేవాళ్లం.

వద్దంటే ఆగుతావా? ఆగవు. కపోన్ సమాధి ఊరవతల హిల్‌సైడ్‌లో ఉంది, చూసుకో. అక్కణ్ణించి కాస్త దూరంలోనే ఫారెస్ట్ పార్క్ అని ఉంది. అక్కడి శ్మశానంలో 1887లో ఉరితీసిన మేడే కార్మిక నాయకుల స్మారకం ఉంది. రోజూ ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికెళ్తున్నావంటే అందులో వాళ్ల వాటా ఉంది. టూరు బస్సువాడు అటు తిప్పకపోతే టాక్సీ మాట్లాడుకునైనా వెళ్లు. డబ్బులు చాలకపోతే నేనిస్తాను.