రాయని ఏడాది

నేనొక పుస్తకాన్ని. చెప్పుకోడానికి గొప్పగానే ఉంటుంది గానీ ఉన్నవి పదహారు పేజీలు, రెండు పిన్నులు, అట్ట మీద ఎవరిదో తెలియని లాబ్రడార్ బొమ్మ. లోపల ఉన్నది మాత్రం బంటి. జాతి అన్న చోట డాక్టరుగారు "నాటు" అని రాయబోతే అమ్మగారు ఊరుకోలేదు. "దేశవాళీ అనండి డాక్టరుగారూ, కాస్త మర్యాదగా ఉంటుంది" అంది. అలాగే రాశాడు.

అచ్చయింది ఎక్కడో, ఎప్పుడో. బతుకు మొదలైంది మాత్రం 2017 జూలై 6న, హైదరాబాదు నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో. ఆ రోజు సర్కారు ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితం. ఉచితమంటే తెలుసుగా, వరస గేటు దాకా వచ్చింది. గొలుసులు చాలక చున్నీతో కట్టి తెచ్చినవాళ్లు, కూరల సంచిలో పిల్లిని పెట్టుకుని తెచ్చిన ఒక ముసలాయన. "పిల్లికీ వెయ్యాలా సార్?" అని ఎవరో నవ్వితే, "ఆ జబ్బుకి పిల్లీ కుక్కా తేడా లేదయ్యా" అన్నాడు డాక్టరు.

ఆ తారీకే ఎందుకో కూడా ఆయనే చెప్పాడు. 1885లో అదే రోజున పారిస్‌లో లూయీ పాశ్చర్ తన టీకాను తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడికి వేయించాడట, పిచ్చికుక్క కరిచిన పిల్లాడు, బతికాడు. అంత పెద్ద రోజున నాలో మొదటి వరస నిండిందని నాకు కాస్త పొగరు.

బంటికి అప్పటికి సరిగ్గా మూడు నెలలు. అంతకు ముందే వేస్తే, తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణే టీకాకి అడ్డుపడుతుంది. సూది పడ్డాక సీసా మీది లేబులు ఒలిచి నాలో అంటించారు. అందులో బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్నాయి. పక్కన సంతకం. ఆ పక్కన సన్నటి గడి, "తర్వాతి తేదీ". నెల తిరక్కుండా బూస్టరు, ఆపైన ఏటా ఒకటి అని చెప్పి పంపారు. చూసేవాళ్లు లేబులూ సంతకమూ చూసి మూసేస్తారు. ఆ సన్నటి గడి చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంట్లో నా చోటు టీవీ కింది సొరుగు. గ్యాసు పుస్తకం, కరెంటు బిల్లులు, ఎప్పటిదో పెళ్లి శుభలేఖ నా తోటివాళ్లు. 2018లో తీశారు, 2019లో తీశారు. 2020 జూలైలో ఎవరూ తియ్యలేదు. లాక్‌డౌన్ రోజులు, తప్పు పట్టను. "గడప దాటని కుక్కకి ఏమొస్తుందే" అని అయ్యగారి మాట వినపడింది. ఇంటి గేటు కింద జానెడు సందు ఉంది. పొద్దున్నే వీధి కుక్కలు అటు నుంచి, బంటి ఇటు నుంచి ముక్కులు ఆనించి పలకరించుకోవడం ఆ ఇంట్లో అందరూ చూసిందే. లాక్‌డౌన్ పోయింది, తరవాతి జూలై కూడా పోయింది, నేను సొరుగులోనే.

2021 సెప్టెంబరులో ఒక పొద్దున, ఇంటరు చదువుతూ పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి పిక్క మీద బంటి పన్ను దిగింది. నెత్తురొచ్చింది. అమ్మగారు బిత్తరపోయినా పని మాత్రం సరిగ్గా చేసింది. కుళాయి కింద కాలు పెట్టించి, సబ్బుతో పావుగంట కడిగింది. లోపల్నుంచి బామ్మగారు "కారం అద్దండే" అని కేకేస్తే వినలేదు. అంతలో ఆ అబ్బాయి వాళ్లమ్మ వచ్చింది.

"మీ కుక్కకు సూదులు ఏపిచ్చిన్రా అమ్మా?"

"ఏటా వేయిస్తామమ్మా, పుస్తకం కూడా ఉంది."

"ఏదీ, సూపియ్యుండ్రి."

సొరుగు తెరుచుకుంది. ఆమె నన్ను అందుకుని, మొదటి పేజీలూ బొమ్మలూ వదిలేసి తిన్నగా చివరి వరస మీద వేలు పెట్టింది, 2019. పక్క గడిలో వేలు ఆగింది. "పద్నాలుగు నెలలాయె" అంది, అంతే. తిట్టినా బాగుండేది. ఒక మాట చెప్పాలి: రాయని ఏడాదికి నాలో గడి ఉండదు. ఖాళీ కనపడితే ఎవరైనా నిలదీస్తారు. కనపడదు కాబట్టే అన్నాళ్లు గడిచిపోయింది.

అబ్బాయిని ఆటోలో, మనుషులకు ఈ సూదులు వేసే నారాయణగూడ ఐపీఎంకి తీసుకెళ్లారు. గాయం చుట్టూ సీరం, చేతికి టీకా. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. బామ్మగారు "బొడ్డు చుట్టూ పద్నాలుగా?" అని నోరు నొక్కుకుంది. ఆవిడ కాలంలో గొర్రె మెదడు నుంచి తీసిన టీకా, కడుపులో పొడిచేవారు. అది పోయి చాలా కాలమైంది, భయం మాత్రం ఆ కాలపువాళ్లలో అలాగే ఉంది. నాలుగు సార్లూ ఆటో డబ్బులు అయ్యగారే ఇచ్చారు. ఇచ్చేటప్పుడు అబ్బాయి మొహంలోకి చూడలేదు.

ఇక్కడ బంటికి పది రోజుల కాపలా. కరిచే నాటికి కుక్క చొంగలో ఆ క్రిమి ఉంటే పది రోజుల్లోపే అది జబ్బు పడి చచ్చిపోతుంది. వరండా స్తంభానికి కట్టి, నీళ్లు తాగుతోందా, గొంతు మారిందా అని ఇంటిల్లిపాదీ చూశారు. బంటి రోజూ పెరుగన్నం తిని, ఇంకా ఉందా అన్నట్టు గిన్నె నాకింది. పదకొండో రోజున అబ్బాయి వాళ్లమ్మ తనంతట తనే వచ్చి గేటు బయటి నుంచి చూసి వెళ్లింది.

అక్టోబరులో నాలో ఐదో వరస నిండింది. మరుసటి ఏడు మళ్లీ జూలైకే తెచ్చారు. 2023లో కేంద్రం జంతు జనన నియంత్రణ నియమాలు కొత్తగా తెచ్చింది. వీధి కుక్కల టీకా స్థానిక సంస్థల పని, పెంపుడు కుక్క టీకా యజమాని పని అని వాటిలో ఉంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను, పెంచే జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా జాగ్రత్తపడకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. మునిసిపాలిటీ లైసెన్సు దరఖాస్తుకీ టీకా కాగితం కావాలి. అయ్యగారు ఇవన్నీ పేపర్లో చదివి బయటికి వినిపిస్తారు. అమ్మగారికి అవేవీ అక్కర్లేదు. గోడ మీది క్యాలెండరులో జూలై పేజీ తిప్పి, తొలి ఏకాదశికి చుట్టిన సున్నా లాంటిదే ఆరో తారీకుకీ చుడుతుంది.

నా చోటు కూడా మారింది. ఇప్పుడు ఫ్రిజ్ మీద, మందుల డబ్బా పక్కన ఉంటాను. రేబిస్ పేజీలో ఉన్నవి పన్నెండు వరసలు. 2025తో తొమ్మిది నిండాయి. బంటికి ఎనిమిదేళ్లు దాటాయి, మూతి మీద తెల్లబడింది, మెట్లెక్కడానికి ఆలోచిస్తోంది. మొన్న సూది వేయించి తెచ్చాక అమ్మగారు మిగిలిన మూడు గడుల్నీ వేలితో లెక్కపెట్టి, నన్ను మూసి, దాని తల నిమిరింది.