అనూహ్య జట్టును ఊహించే విధానం

ఉత్తర అమెరికాలో ఆడే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. టొరంటో మినహా అన్నీ అమెరికావే. అవి అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండుగానూ, ఒక్కొక్క లీగ్‌లో అయిదేసి జట్ల మూడు డివిజన్లుగానూ విడిపోయి, మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకు దాదాపు ప్రతిరోజూ ఆడుతూ తలా 162 ఆటలు పూర్తిచేశాక, లీగ్‌కు ఆరు చొప్పున 12 జట్లు ప్లేఆఫ్స్ అనే తుది దశకు చేరతాయి. ఫిబ్రవరి మధ్యలో పిచర్లు, అంటే క్రికెట్‌లో బౌలర్లు చేసే పనిని ఇక్కడ చేసేవారు, అరిజోనా, ఫ్లోరిడా రాష్ట్రాల్లోని శిక్షణ శిబిరాలకు చేరుకోగానే అక్కడి పత్రికల్లోనూ టెలివిజన్ చర్చల్లోనూ ఏటేటా జరిగే ఒక తంతు మొదలవుతుంది. నిరుడు మట్టి కరిచి, ఈ ఏడు ఎవరూ అనుకోనంతగా ఎదగబోయే జట్టు ఏదో ముందుగా ప్రకటించడమే ఆ తంతు. ఈ విద్యలో ప్రవేశించదలచినవారికి అవసరమయ్యే విధివిధానాలు కింద వివరించడమైనది. బేస్‌బాల్ తెలిసినవారికి కూడా ఇవి ఉపకరిస్తాయి.

జట్టును ఎంచుకోవడంలో మొదటి నియమం, ఎవరినీ ఆశ్చర్యపరచని జట్టును ఎంచుకోవడం. 2025లో కొలరాడో రాకీస్ 43 ఆటలు గెలిచి 119 ఓడింది. అటువంటి జట్టును వేలెత్తి చూపి వచ్చే ఏడు ఇదే రాణిస్తుందన్నవాడిది నిజమైన సాహసమే గాని, సాహసానికి ఈ వృత్తిలో తావు లేదు. నిరుడు 76 నుంచి 80 దాకా గెలిచి, శీతకాలంలో పేరున్న పిచర్‌ను ఒకరిని కొనుక్కుని, ఈసారి గట్టిగా ప్రయత్నిస్తామని యజమాని చేత అనిపించుకున్న జట్టే శ్రేష్ఠం. అది 84 గెలిస్తే జోస్యం ఫలించినట్టు, 79 గెలిస్తే తృటిలో తప్పినట్టు. పాము చావకుండా కర్ర విరగకుండా సీజన్ గడిచిపోతుంది. 84 మరీ తక్కువ అంకె కదా అని అభ్యాసకుడు సంకోచించనక్కరలేదు. 2023లో అరిజోనా డైమండ్‌బ్యాక్స్ 84 ఆటలే గెలిచి, నేషనల్ లీగ్‌లో ఆఖరి చోటుతో ప్లేఆఫ్స్‌లోకి దూరి, విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళింది; అక్కడ దాన్ని ఓడించిన టెక్సస్ రేంజర్స్ అంతకు ముందు ఏడాది 94 ఆటలు ఓడిన జట్టు. 2021లోనైతే డైమండ్‌బ్యాక్స్ ఓటములు 110, రేంజర్స్ ఓటములు 102. మరో రెండేళ్ళలో ఆ రెండూ వరల్డ్ సిరీస్‌లో తలపడతాయని ఆనాడు ఎవరైనా అని ఉంటే నవ్వులపాలయ్యేవారు, వారి మాటే నిజమయ్యేది.

రెండవ నియమం గణితానికి సంబంధించినది గనుక కొంత ఓపిక కావాలి. ప్రతి ఆటలోనూ గెలుపుకు సగం, ఓటమికి సగం అవకాశం ఉన్న నికార్సయిన సగటు జట్టును ఊహించుకుంటే, దానికి సీజన్ అంటే 162 సార్లు బొమ్మా బొరుసూ వేయడమే. సగటున 81 గెలుపులు వస్తాయి. అయితే ఫలితాలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత ఒకటుంది, దాన్ని ప్రామాణిక విచలనం అంటారు. ఇక్కడ అది ఆరు ఆటలకు కొంచెం పైన ఉంటుంది. అంటే ఆటగాళ్ళలో ఎవరూ మెరుగుపడకపోయినా, ఎవరూ గాయపడకపోయినా, మేనేజరు సీజనంతా నిద్రపోయినా, మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఆ జట్టు 75కీ 87కీ మధ్య ఎక్కడో తేలుతుంది, మిగిలిన వంతులో ఆ హద్దులు కూడా దాటిపోతుంది. ఈ లెక్కన 30 జట్లలో ఏటా పదింటి దాకా కేవలం కాకతాళీయంగా తమ సత్తాకు ఆరేడు ఆటల పైనో కిందో ముగుస్తాయి, వాటిలో సుమారు సగం పైవైపే. ఏటా నాలుగైదు అనూహ్య జట్లు ఎవరి ప్రమేయమూ లేకుండా పుట్టుకొస్తున్నప్పుడు సాధకుడు చేయవలసిందల్లా అరడజను పేర్లను వేర్వేరు చోట్ల, వేర్వేరు సందర్భాల్లో ప్రస్తావించి ఉంచడం. ఫలించిన పేరును సెప్టెంబరులో వెలికితీసి, ఫలించనివాటిని ఉన్నచోటే ఉండనివ్వడం. కారణాలకు కొరత రాదు: గెలిచిన జట్టులో ఐకమత్యం, దాని మేనేజరులో దృఢచిత్తం ఎప్పుడు వెతికినా పుష్కలంగా దొరుకుతాయి.

ఇంతకంటె పాండిత్యం ప్రదర్శించాలనుకునేవారికి పరుగుల లెక్క ఉంది. బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం, జట్టు చేసిన పరుగుల వర్గాన్నీ ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగుల వర్గాన్నీ కలిపి, ఆ మొత్తంతో మొదటి వర్గాన్ని భాగిస్తే, ఆ జట్టు న్యాయంగా గెలిచి ఉండవలసిన ఆటల నిష్పత్తి వస్తుంది. వర్గాల కూడిక ఉంది కాబట్టి దానికి పైథాగరస్ పేరు అంటుకుంది. ఉగాదినాడు పంచాంగంలో రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో చూసుకున్నట్టే ఇక్కడ జట్టుకు వచ్చిన పరుగులూ పోయిన పరుగులూ చూసుకుంటారు. 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ ఆదాయం 712, వ్యయం 705. సూత్రం అనుమతించిన గెలుపులు 82, చేతికొచ్చినవి 93. అంతకు ముందు ఏడాది సరిగ్గా 93 ఓడిన జట్టు అది. ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో 29 గెలిచి తొమ్మిదే ఓడడం వల్ల ఈ అద్భుతం జరిగింది, అటువంటి ఆటల్లోని విజయం మాత్రం మరుసటి ఏడాదికి వెంట రావడం అరుదు. 2013లో అదే జట్టు ఒక్క పరుగు ఆటల్లో 20 గెలిచి 31 ఓడి, ఆదాయవ్యయాల తేడా మునుపటికంటె మెరుగుపడినా 85 గెలుపులతో సరిపెట్టుకుని ప్లేఆఫ్స్ గడప బయటే నిలిచింది.

సూత్రాన్ని నమ్ముకున్నవారు ఇక్కడితో చదవడం ఆపితే మంచిది, ఎందుకంటే తరువాతి ఉదాహరణ సియాటిల్ మారినర్స్‌ది. 2021లో ఆ జట్టు చేసినవాటికంటె ఇచ్చిన పరుగులు 51 ఎక్కువ. అయినా 90 ఆటలు గెలిచింది. మరుసటి ఏడాది కుప్పకూలుతుందని చెప్పడానికి అంతకు మించిన ఆధారం ఏ జోస్యకారుడికీ దొరకదు. 2022లో మారినర్స్ మళ్ళీ 90 ఆటలే గెలిచి, 2001 తరువాత తొలిసారిగా ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. ఈసారి పరుగుల లెక్క కూడా జట్టు పక్షానే ఉంది. అదృష్టం తరిగినంత మేరకు ఆట మెరుగుపడడంతో రెండూ చెల్లుకు చెల్లయిపోయి, పట్టికలో ఏమీ జరగనట్టే కనిపించింది. ఈ ఒక్క జట్టును పట్టుకుని సూత్రం గెలిచిందనీ రాయవచ్చు, ఓడిందనీ రాయవచ్చు; వృత్తిలో స్థిరపడినవారు రెండూ రాస్తారు.

శిక్షణ శిబిరాల వార్తల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మార్చిలో ప్రతి ఆటగాడూ జీవితంలో ఎన్నడూ లేనంత దృఢంగా ఉంటాడు, నిరుడు మోకాలికి శస్త్రచికిత్స జరిగినవాడు మరీను. సన్నాహక ఆటల ఫలితాలు అనుకూలిస్తే ఉటంకించాలి, అనుకూలించకపోతే అవి సన్నాహక ఆటలేనని గుర్తుచేయాలి.

కంప్యూటర్ అంచనాలతో వ్యవహరించడంలో మరికాస్త నేర్పు అవసరం. వీటిలో పెకోటా అనేది ప్రసిద్ధం. తరువాతి కాలంలో ఎన్నికల అంచనాలతో పేరు తెచ్చుకున్న నేట్ సిల్వర్ దాన్ని రూపొందించగా, బేస్‌బాల్ ప్రాస్పెక్టస్ సంస్థ ఏటా ప్రకటిస్తుంది. 2014లో వరల్డ్ సిరీస్ చివరి ఆట దాకా పోరాడిన కాన్సస్ సిటీ రాయల్స్‌కు 2015లో అది 72 గెలుపులు ఇచ్చింది. ఆ జట్టు 95 గెలిచి ఏకంగా విజేతగా నిలిచింది. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు 75 దగ్గర అంచనా వేస్తే, అది 107 గెలిచి, 106 గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను ఒక్క ఆట తేడాతో వెనక్కి నెట్టింది. మరుసటి ఏడాది 81 గెలిచి 81 ఓడి బుద్ధిగా సగటుకు చేరుకుంది. నిజానికి ఇటువంటి యంత్రం చెప్పేది సీజన్‌ను వేలసార్లు ఊహాత్మకంగా ఆడించి చూసిన మధ్యస్థ ఫలితమే, అది వరమూ కాదు శాపమూ కాదు. ఈ వృత్తిలో తన తప్పుల లెక్క అంకెలతో సహా దాచి ఉంచేది అదొక్కటే కావడం వల్ల ఎగతాళికి సులభంగా చిక్కుతుంది. జోస్యకారుడు ఆ అంకెతో ఏకీభవించినప్పుడు శాస్త్రం పక్షాన నిలవాలి, విభేదించినప్పుడు మైదానంలోని మట్టివాసన యంత్రానికేం తెలుసని అడగాలి.

తీరా జట్టు పేరు చెప్పక తప్పని పరిస్థితి వస్తే, ముందుగా దాని ప్రత్యర్థిని ఎంచుకోవడం ఉత్తమం. 2023 నుంచి ప్రతి జట్టూ తన డివిజన్‌లోని ఒక్కొక్క జట్టుతో 13 ఆటలు ఆడుతోంది. 2023లో 106 ఆటలు ఓడిన కాన్సస్ సిటీ రాయల్స్ 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరినప్పుడు, పండితులు బాబీ విట్ జూనియర్ బ్యాటింగ్‌ను కారణంగా చూపారు; .332 సగటుతో, అంటే వంద అవకాశాలకు 33 హిట్ల వంతున, అతడు అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానం సాధించిన మాట వాస్తవం. కొత్తగా తెచ్చుకున్న సెత్ లూగో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఓటింగులో రెండవ స్థానంలో నిలిచినదీ వాస్తవమే. వీటికంటె తక్కువగా వినిపించిన వాస్తవం ఏమిటంటే, అదే డివిజన్‌లో ఉండి ఆ ఏడాది 121 ఓటములతో ఆధునిక యుగపు చెత్త రికార్డు మూటగట్టుకున్న షికాగో వైట్ సాక్స్‌తో ఆడిన 13 ఆటల్లో రాయల్స్ 12 గెలిచింది. పొరుగున ఇంత ఉదారమైన జట్టు ఉన్నవారి గురించి శుభం పలకడానికి దివ్యదృష్టి అక్కరలేదు; ఆ ఏడాది ఆ డివిజన్ నుంచి ఏకంగా మూడు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్ళాయి.

ధైర్యం కలవారికి దీర్ఘకాలిక జోస్యం కూడా ఉంది. వరసగా మూడేళ్ళు వందకు పైగా ఓడిన హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను 2017 విజేతగా స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక 2014 జూన్‌లోనే ముఖచిత్రంపై ప్రకటించింది, ఆ జట్టు 2017లో గెలిచింది కూడా. ఆ సీజన్‌లో ఆస్ట్రోస్ ఏ రకం బంతి వేయాలో పిచర్‌కు చెబుతూ ప్రత్యర్థి క్యాచర్ చేసే సైగలను కెమెరాతో పసిగట్టి, చెత్తడబ్బా మోగించి తమ బ్యాటర్‌కు కబురు చేరవేసేదని తరువాత విచారణలో తేలింది. ముఖచిత్రంలో చెత్తడబ్బా లేదు గాని, మూడేళ్ళ ముందు అంత సూక్ష్మంగా చెప్పమనడం అన్యాయం. దీర్ఘకాలిక జోస్యంలోని సౌకర్యం, అది తప్పితే నిలదీసేవారికి అప్పటికి గుర్తుండదు.

సీజన్ మధ్యలో జోస్యాన్ని సవరించుకునేవారు సాధారణంగా జులై నెలాఖరు ప్రాంతంలో ముగిసే ఆటగాళ్ళ మార్పిడి గడువును ప్రమాణంగా తీసుకుంటారు. అప్పటికి ఆశ వదులుకున్న జట్టు తన మంచి ఆటగాళ్ళను అమ్మేస్తుంది కాబట్టి, అమ్మిన జట్టును జాబితాలోంచి కొట్టేయవచ్చుననేది సంప్రదాయం. 2024లో డెట్రాయిట్ టైగర్స్ ఆ గడువునాడు జాక్ ఫ్లాహర్టీ అనే పిచర్‌ను డాడ్జర్స్‌కు ఇచ్చేసింది, ఆగస్టు 10 నాటికి 55 గెలిచి 63 ఓడింది. ఆ వారంలో ఫాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ లెక్కలో దాని ప్లేఆఫ్ అవకాశం వెయ్యికి రెండు. మిగిలిన 44 ఆటల్లో టైగర్స్ 31 గెలిచి, 2014 తరువాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరి, తొలి రౌండ్‌లో ఆస్ట్రోస్‌నే ఇంటికి పంపింది. జట్టును నడిపేవారే ఆశ వదులుకున్న జట్టు గనుక, దీన్ని ముందుగా ఊహించామని చెప్పుకునేవారి నుంచి జులై నాటి కాగితం అడిగి తీసుకోవడం మంచిది. ఫ్లాహర్టీ డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచి, ఆ శీతకాలం ముగిసేలోగా కొత్త కాంట్రాక్టుతో తిరిగి డెట్రాయిట్‌కే వచ్చి చేరాడు.