తరుగు కోసం తపస్సు

సాయంత్రం ఏడు గంటలకి దుర్గం చెరువు తీగల వంతెన మీద ఓ లాంబోర్గినీ గర్జించుకుంటూ పోయిందనుకోండి. కుర్రాళ్లు ఫోన్లు తీస్తారు. స్కూటీకి పెరుగు ప్యాకెట్లు తగిలించుకున్న పెద్దాయన "ఏం పోయే కాలం" అని గొణుక్కుంటాడు. మావాడు మాత్రం మా క్యాబ్ అద్దం దించి, రెండు చేతులూ జోడించి, "చల్లగా ఉండు నాయనా! ఇంకో మూడేళ్లు ఇలాగే తిప్పు" అని దీవిస్తాడు.

మొదటిసారి చూసినప్పుడు నేను భక్తి అనుకున్నాను. కాదు, లెక్క. కొత్త కారు కొన్నవాడు ప్రతి రోజూ కొంత విలువ పోగొట్టుకుంటాడు కదా, ఆ పోగొట్టుకోవడమంతా తన కోసమేనని మావాడి నమ్మకం. జూబ్లీహిల్స్‌లో ఎవరో పుణ్యాత్ముడు కారు కొని, పన్నులు కట్టి, తరుగంతా భరించి, చివరికి తన చేతికి చవగ్గా అందిస్తాడు. దాతని దీవించకపోతే ఎలా?

అతని పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, మైండ్‌స్పేస్‌లో అంతస్తుకొకడు చొప్పున ఉన్నాడు. మా దగ్గరివాణ్ణి అందరం "తరుగు గారూ" అని పిలుస్తాం, పలుకుతాడు. నలభై మూడేళ్లు. పెళ్లికి వెళ్లినా మెళ్లో కంపెనీ బ్యాడ్జి ఉంటుంది. నడిపేది పదకొండేళ్ల స్విఫ్టు. తొమ్మిదేళ్లుగా సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నాడు. "కొనాలనుకుంటున్నాడు" అని రాయబోయి ఆగాను, ఆ మాట అంటే అతనికి కోపం. "కొనే ప్రాసెస్‌లో ఉన్నాను" అంటాడు. ఆ ప్రాసెస్ పేరున ఒక ఎక్సెల్ ఫైలుంది. అందులో నలభై ఒక్క షీట్లు.

ఇన్సూరెన్సువాళ్లు కారు విలువ కట్టే పట్టిక మనకి ఎక్కాలు వచ్చినట్టు వచ్చు అతనికి. ఆర్నెల్లలోపు ఐదు శాతం, ఏడాదిలోపు పదిహేను, రెండేళ్లకి ఇరవై, మూడుకి ముప్పై, నాలుగుకి నలభై, ఐదుకి యాభై. ఐదేళ్లు దాటితే మాత్రం కంపెనీ, మనం కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ పట్టికకి పక్షపాతం లేదు, ఆల్టోకైనా ఫెరారీకైనా ఒకటే కొలత. దేశంలో సోషలిజం మిగిలిన చోటు ఇదొక్కటేనని మావాడి అభిప్రాయం.

ఒక రోజు బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నాం. పక్కన ఓ పోర్షే. అతను కళ్లు మూసుకున్నాడు. "మూడు కోట్ల కారనుకో. ఐదేళ్లకి సగం పోతే కోటిన్నర. రోజుకి ఎనిమిది వేల రెండొందల పంతొమ్మిది. నిమిషానికి ఐదు రూపాయల డెబ్భై పైసలు." సిగ్నల్ మూడు నిమిషాలాడింది. "చూశావా, కదలకుండానే ఒక చాయ్ తాగేశాడు" అన్నాడు. కళ్లు తెరిచి, పోర్షే అతన్ని చూసి, ఆప్యాయంగా నవ్వాడు. ఆయన అద్దం పైకెత్తేశాడు.

అసలు చిక్కేమిటంటే బజారు ఆ పట్టిక ప్రకారం నడవదు. ఆ మాట మావాడికి తెలిసినంత బాగా డీలర్లకి కూడా తెలియదు. పెద్ద పెద్ద సెడాన్లు కొత్త మోడల్ రాగానే కొబ్బరికాయల్లా రాలిపోతాయి. పోర్షే 911 అలా రాలదు, కొమ్మ పట్టుకుని వేలాడుతుంది. లాంబోర్గినీ గల్లార్డో సంగతి ఇంకోటి. 2003 నుంచి 2013 దాకా 14,022 చేసి ఆపేశారు, ఇక పుట్టవు. అలాంటివాటి ధర కొన్నాళ్లు పడి, కొన్నాళ్లు నిలబడి, తర్వాత మెల్లగా తల ఎత్తుతుంది. చేత్తో గేరు మార్చే గల్లార్డోలైతే ఇప్పుడు ప్రపంచమంతా ప్రియమే. మావాడి గ్రాఫులో అడుగంటే చోటుకి ఎర్ర చుక్క పెట్టి "ఇక్కడ కొనాలి" అని రాసి ఉంటుంది. ఆ చుక్క ఎప్పుడూ గడిచిపోయిన సంవత్సరం మీదే ఉంటుంది.

పన్నుల దగ్గరికొస్తే అతని మొహంలో ఒక కాంతి వస్తుంది. తెలంగాణలో 2022లో ఇరవై లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్స్ 18 శాతం చేశారు. ఆ లెక్కన అప్పట్లో మూడు కోట్ల కారుకి యాభై నాలుగు లక్షలు. "అంటే రోడ్డెక్కకముందే ఆ మహానుభావుడు కొంపల్లిలో ఒక ఫ్లాటు ప్రభుత్వానికి రాసిచ్చాడు. నేను ఇక్కడి రిజిస్ట్రేషన్ కారే కొంటే ఆ ఫ్లాటు నాకు ఫ్రీ" అంటాడు. ఢిల్లీ బండి చవగ్గా కనపడుతుందిగానీ దానికి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి, అక్కడ కట్టిన దాంట్లో రావలసింది తిరిగి రాబట్టుకోవాలి. "అదో రెండో పెళ్లి" అని తేల్చేశాడు. రెండో పెళ్లి సంగతి ఇతనికెలా తెలుసని మేం అడగలేదు.

2025 సెప్టెంబర్ 22న ఆఫీసులో అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచాడు. ఇంక్రిమెంటేమో అనుకున్నాం. ఆ రోజునుంచి పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు, రెండూ పోయి ఒకే 40 శాతం వచ్చింది. కొత్తవాటి ధర తగ్గింది కాబట్టి పాతవాటి ధరా తగ్గి తీరాలి. "మరి ఇవాళ కొనేస్తున్నారా?" అన్నాను. నన్ను జాలిగా చూశాడు. ఆ జులైలోనే బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, వంద శాతం పైనున్న దిగుమతి సుంకం కోటా ప్రకారం పది శాతానికి దిగుతుంది, అప్పుడు మెక్‌లారెన్లూ ఆస్టన్ మార్టిన్లూ దిగుతాయి, వాటిని చూసి ఇటలీవీ దిగుతాయి. పడేదాన్ని మధ్యలో పట్టుకోవడం ఏం తెలివి? బిస్కెట్లు మాత్రం తాజాగా ఉన్నాయి.

ఇంట్లో ఈ శాస్త్రం చెల్లదు. ఒకసారి కూకట్‌పల్లిలో బంగారం కొట్టులో వాళ్లావిడ గాజులు చూస్తుంటే సేల్స్‌మన్ "తరుగు పద్నాలుగు శాతమండీ" అన్నాడట. మావాడు లేచి నిలబడ్డాడు. కొనకముందే తరుగేమిటి, వాడకుండానే అరిగిందా, ఏ పట్టిక ప్రకారం, అని అరగంట వాదించాడు. వాళ్లావిడ నింపాదిగా గాజులు వేసుకుని అంది: "ఏమండీ, మనం వచ్చినప్పటినుంచీ బంగారం రేటు మళ్లీ పెరిగిందేమో అడగండి." ఆ గాజుల విలువ ఇవాళ ఎంతో ఆవిడకి తెలుసు, ఇతనికీ తెలుసు. నలభై ఒక్క షీట్లలో అది మాత్రం ఎక్కడా లేదు.

తెనాలి దగ్గర్నుంచి వాళ్ల నాన్నగారు వచ్చినప్పుడు ఇంకో ముచ్చట. ఆయన సంతల్లో ఎడ్లు కొన్న మనిషి. పళ్లు చూసి వయసు, సుడులు చూసి యోగం చెప్పేస్తారు. కొడుకు లాప్‌టాప్‌లో గ్రాఫు చూపించాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఇది కొన్న మర్నాటికే తొమ్మిదొందలవుతుందా?" అన్నారు. అవునన్నాడు. "మరి మేపేదెవరు?" అక్కడ మావాడు రెండో షీటు తెరిచాడు. దగ్గర్లో లాంబోర్గినీవాళ్లున్నది బెంగళూరులో, పెద్ద పని వస్తే బండిని ఇంకో బండి మీద ఎక్కించి పంపాలి. బ్రేకులకో ధర, క్లచ్చుకో ధర, టైర్లకో ధర. ఆయన అంతా విని, "అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని... సర్లే, భోంచేద్దాం" అని లేచారు. వెళ్లేటప్పుడు స్విఫ్టు బానెట్ మీద ఎద్దుని తట్టినట్టు రెండుసార్లు తట్టారు.

ఫ్యాన్సీ నంబర్ల దగ్గర మావాడి సిద్ధాంతం కొంచెం తడబడుతుంది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ లాంబోర్గినీ ఉరుస్ కొని, 9999 నంబరుకి పదిహేడు లక్షలిచ్చారని పేపర్లలో వచ్చింది. 2024లో బండి నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చాక ఖైరతాబాద్ ఆర్టీవో వేలంలో అదే నాలుగు తొమ్మిదులు పాతికన్నర లక్షలు దాటాయి. "కారు తరుగుతోంది, తొమ్మిది పెరుగుతోంది" అని రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ ఏడాదే అతన్ని నిజంగా కుంగదీసిన సంఘటన ఇంకోటి జరిగింది. ఏప్రిల్ 13న నగరం శివార్లలో, మామిడిపల్లి రోడ్డు మీద, పహాడీషరీఫ్ పోలీసుల పరిధిలో ఒక పసుపుపచ్చ గల్లార్డోని తగలబెట్టేశారు. 2009 మోడలు, ఢిల్లీ రిజిస్ట్రేషన్. అమ్మకానికున్న బండే, డబ్బుల దగ్గర తగాదా వచ్చింది. కోటి దాకా చేస్తుందని వార్తల్లో చెప్పారు. మావాడు ఆ వీడియో చూస్తున్నంతసేపూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. చివరికి "పది నిమిషాలకి నూరు శాతం" అన్నాడు. తర్వాత చాలా చిన్న గొంతుతో, "ఆ బండి నా లిస్టులో ఉండాల్సింది" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు. పట్టికలో నిప్పుకి గడి లేదు.

ఇక బండి చూడ్డానికి వెళ్లడం. నెలకోసారి గచ్చిబౌలి చుట్టుపక్కల ఏదో ఒక షోరూముకి నన్ను తోడు తీసుకెళ్తాడు. సంచీలో టార్చిలైటు, అయస్కాంతం, పెయింటు మందం కొలిచే మీటరు, మోకాళ్ల కింద వేసుకోడానికి పాత టవలు. షోరూము కుర్రాడు ఎదురొచ్చి, "సార్, గిది డాక్టర్ సాబ్ బండి. ఆరు వేల కిలోమీటర్లే తిరిగింది. గింత తక్కువల ఎక్కడ దొర్కది" అంటాడు. ఆ పాఠం ఎవరు రాశారోగానీ మన ఊళ్లో స్పోర్ట్స్ కార్లన్నీ డాక్టర్లవే, అందరూ ఆదివారాలే నడిపారు.

మావాడు పలకడు. టవలు పరిచి ముందు టైరు దగ్గర కూర్చుంటాడు. టైరు పక్కన గుండ్రటి గీతలో నాలుగంకెలుంటాయి, 2317 అంటే 2017లో ఇరవై మూడో వారంలో పుట్టిందని. "కిలోమీటర్లు ఆరు వేలే. టైరు వయసెంత? నడవకపోతే అరగదనుకుంటున్నారా, నిలబడి ఎండిపోతుంది" అంటాడు. కుర్రాడు తలూపుతాడు. తర్వాత డోరు మీద మీటరు పెడతాడు. నూట ఇరవై మైక్రాన్లు. బానెట్ మీద నూట పది. వెనక బంపరు ప్లాస్టిక్ కాబట్టి మీటరుకి అందదు, అందుకని దాన్ని వేలితో కొట్టి చెవి పెట్టి వింటాడు, పుచ్చకాయ కొనేవాడిలా. ఆ తర్వాత సీటు బెల్టు. చివరిదాకా, లోపల చుట్టుకుని ఉన్నదంతా బయటికి లాగి, ఆ కొసని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నీళ్లల్లో మునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు కొసన బురద వాసన పోదట. ఆ భంగిమలోనే, బెల్టు ముక్కుకి ఆనించుకుని, అసలు ప్రశ్న వేస్తాడు:

"2020 అక్టోబర్ 13 రాత్రి ఈ బండి ఎక్కడుంది?"

ఊరంతా మునిగిన రాత్రి అది. హత్యకేసులో ముద్దాయిని అడిగినట్టు అడుగుతాడు. కుర్రాడు అప్పటికి ఇంటర్ చదువుతూ ఉండి ఉంటాడు. "మాలూం చేసి చెప్త సార్" అని లోపలికి పోతాడు. ఓనరుకి ఫోన్ చేయడానికి కాదు, చాయ్ తాగడానికి. మా మొహాలు ఆ షోరూములో అందరికీ తెలుసు.

పోయిన నెల మాత్రం కథ అడ్డం తిరిగింది. కుర్రాడు లేడు, ముసలి మేనేజరు ఉన్నాడు. మావాడు టవలు తీస్తుండగానే, "సార్, తొమ్మిదేండ్ల సంది కింద కూసుంటున్నరు. ఒక్కసారి లోపల కూసోండ్రి" అన్నాడు. అంత చిన్న మాటకి మావాడు బిత్తరపోయాడు. నిజమే, తొమ్మిదేళ్లలో ఎప్పుడూ లోపల కూర్చోలేదు. లెక్కలో ఆ గడి లేదు.

డోరు తెరిచారు. ముందు కుడికాలు పెట్టాడు. తర్వాత తల వంచాడు. తల వెళ్లింది, భుజం వెళ్లింది, పొట్ట దగ్గర కాస్త సంప్రదింపులు జరిగాయి. ఆఖరికి సీట్లో జారి పడ్డాడు, మడతమంచం ముడుచుకున్నట్టు. నేల అతనికి జానెడు దూరంలో ఉంది. స్టీరింగు మీద చేతులు పెట్టి, ఎదురుగా గోడ మీదున్న క్యాలెండరుని ఓఆర్ఆర్‌ని చూసినట్టు చూశాడు. ఒక నిమిషం పాటు ఏ అంకే చెప్పలేదు. నాకు భయమేసింది.

దిగడానికి ప్రయత్నించాడు. ఎడమ చేయి సీటు మీద నొక్కాడు, కుడి చేయి డోరు మీద. మోకాలు "టక్" మంది. మళ్లీ కూలబడ్డాడు. రెండోసారి మేనేజరు ఒక చేయి, నేనొక చేయి పట్టుకుని, బావిలోంచి బిందె తోడినట్టు తోడాం. బయటికొచ్చి కారు పైకప్పు పట్టుకుని నిలబడి, నడుం సరిచేసుకుని, ఊపిరి పీల్చుకున్నాడు. పైకప్పు అతని బొడ్డు దాకానే ఉంది.

"ఫస్ట్ ఓనరేనా?" అన్నాడు మేనేజరు కొంటెగా, మోకాలి వైపు చూస్తూ.

మావాడు వినిపించుకోలేదు. అతని చూపు షోరూము మూలకి పోయింది. అక్కడ ఎత్తుగా, దర్జాగా, మనిషి నిలబడినవాడు నిలబడినట్టే ఎక్కి కూర్చోగలిగే ఉరుస్ ఒకటుంది. దగ్గరికి వెళ్లి డోరు తెరిచాడు. ఎక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాడు. టక్కుమనలేదు. సంచీలోంచి ఫోను తీసి కొత్త షీటు తెరుస్తూ ధరెంతని అడిగాడు.

"అది అమ్మేది కాదు సార్. కస్టమర్‌ది, పాలిష్‌కి వచ్చింది. కొని నాలుగు నెలలే."

మావాడి మొహం వెలిగిపోయింది.

"మంచిది. తొందరేం లేదు. ఆయనకి నా నమస్కారం చెప్పండి," అన్నాడు టవలు మడిచి సంచీలో పెట్టుకుంటూ. "బాగా తిప్పమనండి."