మంచి ఇల్లు కావలెను

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. మా మియాపూర్ ఫ్లాట్లలోనూ ఉన్నాడు. పెళ్లీడుకొచ్చిన కూతురున్న తండ్రిలా మొహం పెట్టుకుని, లిఫ్టులో దొరికినవాణ్ణల్లా "మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారాండీ?" అని అడుగుతుంటాడు. ఆ సంబంధం బ్రూనోకి.

బ్రూనో ఏడాదిన్నర లాబ్రడార్. కొడుకు పుట్టినరోజుకి బుట్టలో వచ్చినప్పుడు దోసిట్లో ఇమిడేది. ఇప్పుడు ముప్పై కిలోలు. అది సంతోషంగా తోక ఊపిందంటే టీపాయ్ మీద కాఫీ కప్పులు మిగలవు.

ఈయన అబద్ధమాడడు, మాటలు మాత్రం ఏరుకుని వాడతాడు. "చాలా యాక్టివ్ అండీ" అన్నాడంటే సోఫా చచ్చిపోయిందని. "పిల్లలంటే ప్రాణం" అంటే ఎదురింటి పాపని ప్రేమగా కింద పడేసిందని. "తిండి దగ్గర పేచీ లేదు" అంటే వినాయక చవితి ఉండ్రాళ్లు వినాయకుడి కంటే ముందు అదే ఆరగించిందని. "తెలివి చెప్పక్కర్లేదు" అంటే ఫ్రిజ్ తలుపు తీయడం నేర్చేసుకుందని.

ఒక్క విషయంలో మాత్రం సిగ్గుతో గొంతు తగ్గిస్తాడు. "దొంగబుద్ధి ఎలా వచ్చిందో తెలీదండీ. తెల్లారేసరికి అంతస్తులో అందరి చెప్పులూ మా గుమ్మం ముందే ఉంటున్నాయి."

పాపం, అది దొంగబుద్ధి కాదు, వంశాచారం. దీని పూర్వీకులు కెనడా తీరాన న్యూఫౌండ్‌లాండ్‌లో బెస్తవాళ్ల దగ్గర కొలువు చేశాయి. వల నుంచి జారిన చేపల్ని, గడ్డకట్టే చలిలో నీళ్లలోకి దూకి పట్టుకొచ్చేవి. తర్వాత ఇంగ్లండ్ దొరలు తీసుకెళ్లి, తుపాకీ దెబ్బకి పడిన పక్షుల్ని తెచ్చిచ్చే పనిలో పెట్టారు. 1903లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మియాపూర్‌లో ఐదో అంతస్తులో చేపలూ లేవు, బాతులూ లేవు. ఉన్నవి చెప్పులూ పాల ప్యాకెట్లూ. ఉన్నవాటితోనే అది ఉద్యోగ ధర్మం నెరవేరుస్తోంది.

ఇక ఈయన షరతులు వినాలి. తీసుకునేవాళ్లకి సొంతిల్లుండాలి. చుట్టూ కాంపౌండ్ ఉండాలి. ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. రెండు పూటలా తిప్పాలి. కట్టేయకూడదు, కసరకూడదు. వారం వారం ఫొటో పంపాలి.

"ఈ లెక్కన బ్రూనోని మీకే ఇవ్వకూడదు కదండీ?" అన్నారు పై ఫ్లాట్ మాస్టారు.

"మాకెవరూ ఇవ్వలేదండీ, కొనుక్కున్నాం" అన్నాడీయన, ఏమాత్రం తడుముకోకుండా.

సలహాలకి కొదవలేదు. ప్రతివాడికీ ఏదో ఊళ్లో మామిడితోట ఉంది. "వదిలేస్తే హాయిగా తిరుగుతుంది" అంటాడు. తీరా ఆ తోట ఎక్కడ, కాపలా ఎవరు అంటే మాట దాటేస్తాడు. ఇంకొకాయన రింగురోడ్డు పేరెత్తాడు. అప్పుడు మాత్రం మనవాడికి నిజంగానే కోపం వచ్చింది. పెంచిన జంతువుని తిండీ నీళ్లూ లేక మాడేలా వదిలేస్తే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమని లిఫ్టు ఐదంతస్తులూ దిగేదాకా చెప్పాడు. అందుకే ఆయన మీద పూర్తిగా కోపం రాదు.

వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టాడు. పిల్లలు పెట్టించి వాటా ఇస్తానన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేశాడు. గోడౌన్ కాపలాకి అడిగినవాడికి "దొంగొస్తే చెప్పులు తెచ్చిస్తాడండీ మావాడు" అని ఉన్నమాట చెప్పేశాడు.

చివరికి ఘట్‌కేసర్ దగ్గర ఒక రిటైర్డ్ హవల్దారు కుదిరాడు. పెరడుంది, దగ్గర్లో చెరువుంది, ఓపికుంది. టీకాల కార్డు, తినే గిన్నె, కొరికిన బంతితో సహా అప్పగింతలయ్యాయి. ఈయన కళ్లు తుడుచుకున్నాడు. వాచ్‌మన్ కూడా తుడుచుకున్నాడు గాని, అవి వేరే కన్నీళ్లు.

వారం తిరక్కుండానే చూడ్డానికి వెళ్లాడు. బ్రూనో వచ్చి మీదపడి, మొహమంతా నాకి, వెంటనే వెళ్లి వేపచెట్టు కింద పడుకుంది. అక్కడే వరండాలో హవల్దారు చెప్పులు, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఈయన కంగారుపడ్డాడు.

"ఒంట్లో బాలేదా? ఇంత నెమ్మదిగా ఎప్పుడూ లేడే! ఏం మందు వేశారండీ?"

"మందేముంది సార్, పొద్దున గంటసేపు చెరువుగట్టు మీద పరుగు. సాయంత్రం బంతి విసిరితే ఈదుకెళ్లి తెస్తాడు. నేను కూడా పరిగెడతాను."

ఈయన చాలాసేపు ఆలోచించి ఫోన్ బయటికి తీశాడు.

"దీనికేమైనా యాప్ ఉందంటారా?"