రివర్స్ పడని కారు

కోవిల్‌పట్టిలో మా అక్కావాళ్ళింట్లో ఏది చెడినా ముందు పంచాయితీ, తరవాతే మరమ్మతు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, గొడవ ముదిరితే రెండూ. కి. రాజనారాయణన్ ఊరు ఇడైసెవల్ అక్కడికి దగ్గరే. దక్షిణానికి వలసపోయిన తెలుగువాళ్ళ కథని తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడాయన. ఆ గాలి మహిమో ఏమో, ఆ చుట్టుపక్కల ఎవరినైనా ‘మోటారు ఎందుకు తిరగట్లేదు?’ అని అడగండి, వాళ్ళ తాత బావి తవ్వించిన దగ్గర్నుంచి అందుకుంటారు.

ఈసారి చెడింది మా మేనల్లుడి ఆట. జీటీఏ వైస్ సిటీ. అది కంప్యూటర్లకొచ్చింది 2003లో, అంటే వాడికంటే పెద్దది. తెరిస్తే చాలు, ‘640 × 480 వీడియో మోడ్ కనబడలేదు’ అని ఒక ఎర్రర్ పారేసి మూసుకుపోతోంది.

“యాడో పెట్టి మరిచినావు. బీరువాలో చూడు” అంది బావగారి తల్లి.

బావది అగ్గిపెట్టెల వ్యాపారం. ఆయన లెక్కలో యంత్రాలన్నిటికీ ఒకటే జబ్బు, దుమ్ము. వెంటనే క్యాబినెట్ విప్పి బ్లోయర్ పెట్టాడు. లోపలి దుమ్ము గదిలోకొచ్చింది. ఎర్రర్ ఉన్నచోటే ఉంది.

తరవాత విరుదునగర్‌లో ఎవరో మెకానిక్‌కి ఫోన్. ఆ ఊళ్ళో ఏమీ పండదు గానీ అన్నిటి ధరా అక్కడే తేలుతుందని పాత మాట. పప్పులకీ, మిరపకాయలకీ, నూనెకీ అంత పేరున్న బజారది. మెకానిక్ ఊరి పరువు నిలబెట్టాడు. కంప్యూటర్ ముఖం చూడకుండానే “ఫార్మాట్ కొట్టాలి, గ్రాఫిక్స్ కార్డు మార్చాలి” అని రేటు చెప్పేశాడు. ఆ రేటు విని బావ మళ్ళీ బ్లోయర్ అందుకున్నాడు.

పాపం, కార్డు తప్పేముంది? ఈ ఆట అడిగేదల్లా 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 128 ఎంబీ ర్యామ్. వాడి దగ్గర 16 జీబీ ఉంది, సరిగ్గా 128 రెట్లు. ఎర్రర్లతో వచ్చిన తంటా ఏమిటంటే, అవి ఎక్కడ పడ్డాయో చెబుతాయి గానీ ఎవరు తోశారో చెప్పవు. ఈ ఆట లేస్తూనే పాతకాలపు చిన్న తెర కొలత కోసం వెతుక్కుంటుంది. కొత్త విండోస్, కొత్త డ్రైవర్లు దాన్ని అంత తేలిగ్గా బయటికి తియ్యవు. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకెళ్ళి, 640 × 480 అని ఉన్నచోట టిక్ పెట్టించాను. ఆట లేచింది.

లేచింది గానీ మౌస్ పనిచెయ్యదు. హీరో అటూ ఇటూ చూడకుండా కొత్త పెళ్ళికొడుకులా బిగుసుకుపోయాడు. డాక్యుమెంట్స్‌లో ఆట తన సెట్టింగులు దాచుకునే ఫైలొకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆట తనే కొత్తది రాసుకుంటుంది. సేవ్ చేసుకున్న ఆటలకేమీ కాదు. ఆ మాట నేను ముందే చెప్పినా, మేనల్లుడు ఆ ఫైలుకి కన్నీటి వీడ్కోలే ఇచ్చాడు.

ఇక అసలు వినోదం. కారు ముందుకి బాణంలా పోతుంది. వెనక్కి మాత్రం రాదు.

“గేర్‌బాక్స్!” అన్నాడు బావ. పొద్దుట్నుంచీ ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు.

గేర్‌బాక్స్ కాదు, వేగం. ఈ ఆట సెకనుకి 30 ఫ్రేముల చొప్పున నడిచేట్టు చేసింది. ఫ్రేమ్ లిమిటర్ అనే కళ్ళెం తీసేస్తే కొత్త కంప్యూటర్ వందల కొద్దీ ఫ్రేములు గీసి పారేస్తుంది. ఆ దూకుడుకి కారు కదలికల లెక్క తప్పి, రివర్స్ మొరాయిస్తుంది. ఆట నున్నగా పోతుందని ఎవరో స్నేహితుడు చెబితే మావాడే ఆ లిమిటర్‌ని ఆపేశాడట. డబ్బు పోసి స్పీడు కొన్నవాడికి ‘తగ్గించుకో’ అని చెప్పడం ఎంత కష్టమో! మెనూలో లిమిటర్ ఆన్ చేశాక కారు బుద్ధిగా వెనక్కొచ్చింది.

అందరం తెర ముందు చేరాం. వేరుశనగ మిఠాయి పంచారు. కోవిల్‌పట్టి కడలై మిట్టాయికి 2020లో జీఐ ట్యాగ్ వచ్చిందని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాట నాకూ చెప్పాడు. ఇంతలో హీరో నడిరోడ్డు మీద ఒక కారాపి, లోపలున్నవాణ్ణి కాలరు పట్టి బయటికి లాగి, తనెక్కి పోయాడు.

పెద్దావిడ నమలడం ఆపింది.

“అంత తొందరేమిరా వానికి? విరుదునగరం బస్సు ఇప్పుడే గదా పోయింది, ఎనకాల్నే ఇంగోటి వస్తుంది!”