గండి పడిందా? ముందు టెస్టు రాయించండి

విజయవాడ పక్కనున్న బుడమేరు వాగుకు గండి పడిందని ఫోనొచ్చిందనుకోండి. మోటారు వేసి ట్యాంకు నింపుకోవడం, సెల్లార్‌లోంచి బండ్లు తీయడం లాంటి తొందరపాటు పనులు చేయకండి. అపార్ట్‌మెంట్‌లో అందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి పర్సనాలిటీ టెస్టు రాయించండి. ఎవరు ఏ రకమో తెలియకుండా ప్రాణాలు కాపాడుకుంటే ఏం లాభం?

ఈ విద్యకు పెద్ద వంశమే ఉంది. స్వభావాలను రకాలుగా విడదీస్తూ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో జర్మన్‌లో పుస్తకం వేశాడు. దాన్ని పట్టుకుని అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్ మనుషుల్ని పదహారు గూళ్లలో సర్ది, ఒక్కో గూటికి నాలుగు ఇంగ్లిష్ అక్షరాల పేరు పెట్టేశారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కారు కాబట్టి పని చకచకా సాగింది. కొన్ని వారాలాగి మళ్లీ రాయిస్తే చాలామందికి రకం మారిపోతోందని గిట్టనివాళ్లు అంటారు. ఆలోపు నీళ్లు తీసేస్తాయి లెండి.

ఇక పనులు పంచండి. ‘ఐఎన్‌టీజే’ వచ్చినాయన ప్రణాళికలకే పుట్టాడు. మేడ మీద కుర్చీ వేసి వదిలేయండి. ‘ఈఎస్‌ఎఫ్‌జే’ పిన్నిగారు అందరికీ వండిపెడతారు. ఆవిడ సిలిండరు వీధి చివర తేలుతోందంటారా? అది స్వభావం కిందికి రాదు.

మూడో అంతస్తు మాస్టారు నిబ్బరంగా కాఫీ తాగుతున్నారు, గ్రౌండ్ ఫ్లోర్ ఆయన కేకలు పెడుతున్నాడు. మొదటివారిది స్థితప్రజ్ఞ, రెండోవారిది ఉద్వేగం అని రాసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం మునిగిందని అడ్డొచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. శాస్త్రం పాడవుతుంది.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు ఈ శాస్త్రానికి ఒక చిక్కొచ్చింది. బుడమేరు ముంచిన సింగ్‌నగర్ వైపు మేడల మీదికి డ్రోన్లు అన్నం పొట్లాలు తెచ్చేసరికి, ఎవరితోనూ మాట కలపని అంతర్ముఖులు కూడా తువ్వాళ్లు ఊపుతూ అరిచేశారు. వాళ్లచేత టెస్టు మళ్లీ రాయించాలి.

వాచ్‌మన్ జోలికి మాత్రం పోకండి. నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు నెత్తినెట్టుకుని తిరిగే మనిషి కూర్చుని ఏం రాస్తాడు? గట్టిగా అడిగితే ‘చంటిపిల్లలున్న ఇళ్లకి ఇచ్చేసొస్తానండీ’ అంటాడు. ఆ జవాబుకు ఆప్షన్ లేదు.

ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చే వేళకు ఐఎన్‌టీజే గారి ప్రణాళిక సిద్ధమవుతుంది. మేడ మీంచి దించేటప్పుడు చెయ్యి పట్టుకోండి, మెట్లు జారతాయి.